సర్ ఆర్థరు కాటను దొరగారు

కాటనుగారు 1803వ సంవత్సరమున ఇంగ్లండు దేశమందు జన్మించిరి. పదునాఱేండ్ల ప్రాయముననే చెన్నపురి ఇంజనీర్ల దళమునఁ జేరి, 1821లో మన దేశమునకు వచ్చిరి. కావేరిపైఁ బనిచేయుచు, చోళులు నిర్మించిన ప్రాచీనమైన ఆనకట్టను పరిశీలించి, యిసుకనేలపైఁ గట్టడమును నిలుపు విధమును దానివలన గ్రహించిరి.

ఆ దినములలో గోదావరి నిండుగఁ బాఱుచున్నను తీరవాసులు కఱవులచే నశించుచుండిరి. కాటనుగారు 1847లో ధవళేశ్వరమున ఆనకట్ట నారంభించి 1852లో ముగించిరి. అయినను వైనతేయపాయ కావలనున్న నగరపు లంకకుఁ గాలువ చేరు దారి లేదు. అంతట వారి సహాయుఁడగు హేగుదొర గన్నవరముకడ నలువదేసి యడుగుల కమానులు 49 నిలిపి అక్విడక్టు కట్టించెను. క్రింద నది, పైనఁ గాలువ! లంకపొలములు పండెను. 2000వ సంవత్సరమున దానిచెంత డొక్కా సీతమ్మగారి పేరిట క్రొత్త అక్విడక్టు వెలసినది.

రైళ్లకంటెఁ గాలువలే మేలని వాదించినందులకు 1878లో పార్లమెంటు సంఘము కాటనుగారిని గట్టిగాఁ బ్రశ్నించెను. వారు తమ మతమును వీడలేదు. 1899లో పరమపదించిరి.

బాలకులారా! పరదేశపుఁ బూర్వులయొద్ద నేర్చుకొనుటకు వారు సిగ్గుపడలేదు. మన పొలములకు వచ్చు నీరు ఆ వినయమునకు ఫలము.