హెండ్రిక్స్ చివరి వేసవి: ఒకే రాత్రి, రెండు ఆల్బమ్‌లు

1970 ఆగస్టు 31 తెల్లవారుజామున ఇంగ్లండ్‌లోని ఐల్ ఆఫ్ వైట్ దీవిలో జిమీ హెండ్రిక్స్ వేదికెక్కారు. సెక్యూరిటీ సిబ్బంది వాకీటాకీల మాటలు ఆంప్లిఫయర్లలోంచి వినిపిస్తున్నా కచేరీ సాగింది. ఆ తర్వాత 18 రోజులకే ఆయన లండన్‌లో కన్నుమూశారు. అప్పటికి వయసు 27.

1942లో సియాటిల్‌లో పుట్టిన హెండ్రిక్స్, కుడిచేతివాటం వారి గిటార్‌ను తిరగేసి వాయించేవారు. కొంతకాలం సైన్యంలో పారాట్రూపర్‌గా ఉన్నారు. బయటికొచ్చాక లిటిల్ రిచర్డ్ బృందంలో గిటార్ వాయించారు. 1966లో లండన్ వెళ్లాకే పేరొచ్చింది. బతికుండగా వచ్చిన స్టూడియో ఆల్బమ్‌లు మూడే.

వీలునామా రాయలేదు కాబట్టి, మిగిలిన టేపుల్లో ఏది జనంలోకి వెళ్లాలన్నది ఇతరుల చేతికి పోయింది. 1971లో ఆ దీవి కచేరీ నుంచి ఆరు పాటలే ఏరి ఆల్బమ్‌గా అమ్మారు. న్యాయపోరాటం చేసిన తండ్రి అల్ హెండ్రిక్స్‌కు 1995లో హక్కులు దక్కాయి. ఆయన పోయిన 2002లోనే కుటుంబ సంస్థ దాదాపు కచేరీ మొత్తాన్ని రెండు సీడీల్లో తెచ్చింది.

మొదటి దానిలో కంపెనీ ఏరుకున్న హెండ్రిక్స్ వినిపిస్తారు. రెండో దానిలో అలసట, తడబాటు, వాటిని దాటి ఎగిసే గిటార్ అన్నీ ఉన్నాయి. ఏది విడుదల కావాలని ఆయన కోరుకునేవారో అడిగే వీలు మాత్రం ఎవరికీ లేదు.