ద్వారం వేంకటస్వామినాయుడు

ఫిడేలు వాద్యమునకు ఆంధ్రదేశమున వన్నె తెచ్చిన మహనీయుడు ద్వారం వేంకటస్వామినాయుడుగారు. వీరు 1893వ సంవత్సరమున బెంగుళూరులో జన్మించి విశాఖపట్టణమున పెరిగిరి.

చిన్ననాటనే వీరి చూపు మందగించెను. అందుచే బడిచదువు సాగుట దుర్లభమయ్యెను. అంతట అన్నగారగు వేంకటకృష్ణయ్యగారు తమ్మునికి ఇంటనే ఫిడేలు నేర్పిరి. గురువు ఇంటనున్నంత మాత్రమున విద్య అబ్బదు గదా! నాయుడుగారు కన్నులకు చాలని పనిని చెవులకు అప్పగించిరి. కమాను నడకయందును, స్వరశుద్ధియందును ఏమరుపాటు లేక దీర్ఘకాలము సాధన చేసిరి. పాశ్చాత్య విద్వాంసుల వాదనమును సైతము శ్రద్ధగా ఆలకించి అందలి మెలకువలను గ్రహించిరి.

1919లో విజయనగరమున మహారాజావారి సంగీత కళాశాల వెలసెను. హరికథాపితామహులు ఆదిభట్ల నారాయణదాసుగారు దాని ప్రథమాధ్యక్షులు. నాయుడుగారు విద్యార్థిగా చేరగోరి అచటి కరిగిరి. వారి వాదనమును విన్న పెద్దలు అచ్చెరువంది, శిష్యుడుగా చేరవచ్చినవానిని ఆచార్యునిగా నియమించిరి! 1936లో వారే ఆ కళాశాలకు అధ్యక్షులైరి.

గాత్రమునకు ప్రక్కవాద్యముగా నుండిన ఫిడేలుతో ఒంటరిగా నిండుకచేరీలు చేసి వారు శ్రోతలను మెప్పించిరి. 1941లో సంగీత కళానిధి బిరుదమును, 1957లో పద్మశ్రీ పురస్కారమును అందుకొనిరి. 1964 నవంబరు 25వ తేదీన కీర్తిశేషులైరి.

గురువు త్రోవ చూపును, నడువవలసినవాడు శిష్యుడే. చూపు చాలని బాలుడు ఆ త్రోవను తుదిముట్ట నడిచి, పలువురకు త్రోవ చూపినవాడయ్యెను.