మేడమ్ క్యూరీ వేసవి సెలవులు

వేసవి వచ్చిందంటే విద్యార్థి ఉన్న ప్రతి ఇంటిలోను ఒక తగవు బయలుదేరుతుంది. రాబోయే పరీక్షకు ఇప్పటినుండే చదవవలెనని తండ్రి అంటాడు. ఈ రెండు నెలలూ ఏదైనా పనిలో కుదిరితే వచ్చే యేటి పుస్తకాల ఖర్చయినా గడుస్తుంది గదా అని, ఇంటి ఇబ్బంది ఎరిగిన తల్లి ఆలోచిస్తుంది. పిల్లవాని మనస్సు మాత్రం మామిడితోటలోను, చెరువుగట్టు మీద వేచియున్న స్నేహితులలోను ఉంటుంది. ముగ్గురి పక్షానా న్యాయం ఉన్నది. అయినను సుఖం కోరేవానికి విద్య అబ్బదన్న పెద్దల మాట ఒకటి చెప్పి, ఆ మూడవ పక్షాన్ని మనం కొట్టివేస్తూ ఉంటాము. ఆ తీర్పు సరియైనదేనా అన్న సంశయం కలిగినప్పుడు నాకు మేడమ్ క్యూరీ జీవితం జ్ఞాపకం వస్తుంది. రేడియం కనుగొన్న ఆ విదుషీమణి దారిద్ర్యాన్ని గురించి, పట్టుదలను గురించి పాఠాలలో చెప్పుకొంటాము. ఆమె సెలవులను గురించి చెప్పుకోము.

ఆమె పుట్టింటి పేరు మారియా స్క్లొడోవ్‌స్కా. ముద్దుపేరు మాన్యా. 1867 నవంబరు 7వ తేదీన పోలెండు దేశపు వార్సా నగరంలో జన్మించింది. ఆ నగరం అప్పుడు రష్యా చక్రవర్తి ఏలుబడిలో ఉండేది. పోలిష్ బాలబాలికలు తమ భాషను విడిచి రష్యన్ భాషలో పాఠాలు అప్పగించవలసిన రోజులవి. తండ్రి గణిత, భౌతిక శాస్త్రాలు బోధించే ఉపాధ్యాయుడు. బాలికల పాఠశాలను నడిపిన తల్లి క్షయవ్యాధికి లోనై 1878లో కన్నుమూసింది. అప్పటికి మాన్యాకు 10 ఏండ్లు. తండ్రి పై ఉద్యోగం పోగొట్టుకొని, విద్యార్థులను ఇంటిలోనే ఉంచుకొని, వారికి భోజనం పెట్టి పాఠాలు చెప్పి సంసారం ఈడ్చాడు.

1883 జూనులో మాన్యా ఉన్నత పాఠశాల చదువు ముగించి బంగారు పతకం పొందింది. వయస్సు 15 ఏండ్లు. కాని ఎడతెగని చదువు వలన బాలిక ఎంతో అలసిపోయింది. ఇంటిలో ధనానికి కొరతగా ఉన్నది, కూతురికా తెలివితేటలున్నవి. అట్టి తండ్రి ఆమెను ఏదైనా పనిలో పెట్టవచ్చును. లేక మరిన్ని పుస్తకాలు చేతికి ఇవ్వవచ్చును. ఆయన ఆ రెండూ చేయలేదు. ఒక సంవత్సరంపాటు పల్లెలలోని బంధువుల ఇండ్లకు పంపివేశాడు. అక్కడ ఆమె ఉయ్యాలలూగింది, చేపలు పట్టింది, గుఱ్ఱపు స్వారీ నేర్చింది. మంచుకాలంలో ఇంటింటికీ బండ్లు కట్టుకొని పోయి తెల్లవార్లూ నృత్యం చేసే ఆచారం అక్కడ ఉన్నది. అట్టి వేడుకలలో ఒకసారి ఆమె కొత్త చెప్పులు ఒక్క రాత్రిలో అరిగిపోయాయి. గంభీరమైన గ్రంథం ఏదీ ఆమె ఆ సంవత్సరంలో తెరువలేదు. తరువాత వచ్చిన దీర్ఘకష్టకాలంలో ఆమెకు తలచుకొనడానికి మిగిలిన ఆనందం అదే.

వార్సా విశ్వవిద్యాలయంలో స్త్రీలకు ప్రవేశం లేదు. పారిస్ వెళ్లి చదువుకొనవలెనని మాన్యాకూ, ఆమె అక్క బ్రోన్యాకూ కోరిక. ఇద్దరినీ పంపే స్తోమతు తండ్రికి లేదు. అప్పుడు అక్కచెల్లెండ్రు ఒక ఒప్పందం చేసుకొన్నారు. ముందు బ్రోన్యా వెళ్లి వైద్యవిద్య అభ్యసిస్తుంది. మాన్యా ఉద్యోగం చేసి డబ్బు పంపుతుంది. అక్క వైద్యురాలైన పిమ్మట చెల్లెలిని పిలిపించుకొంటుంది. ఆ మాట ప్రకారం 1886 జనవరిలో మాన్యా వార్సాకు సుమారు 100 కిలోమీటర్ల దూరాన ఉన్న ష్చూకీ గ్రామంలో ఒక సంపన్న గృహస్థుని ఇంట ఉపాధ్యాయినిగా కుదిరింది. జీతం ఏడాదికి 500 రూబుళ్లు. చుట్టూ కనుచూపు మేర చక్కెర దుంపల పొలాలు.

అక్కడ ఆమె దినచర్య గమనింపదగినది. రోజుకు 7 గంటలు యజమాని బిడ్డలకు పాఠాలు. ఆపైన ఆ ఇంటి పెద్దకుమార్తెతో కలిసి పల్లెలోని కూలివారి పిల్లలను చేరదీసి వారికి పోలిష్ అక్షరాలు నేర్పేది. అది అప్పటి ప్రభుత్వ దృష్టిలో నేరం. బయటపడితే సైబీరియా ప్రవాసం తప్పేది కాదు. రాత్రి 9 గంటలకు తన పుస్తకాలు తెరిచేది. ఉదయం 6 గంటలకే మళ్లీ లేచేది. భౌతికశాస్త్రం చదివి అలసినప్పుడు మరొక శాస్త్రం పట్టేది. ఏదీ తలకెక్కనప్పుడు బీజగణితపు లెక్కలు చేసేది. తెలియని లెక్కలను ఉత్తరాలలో తండ్రిని అడిగేది.

ఆ ఇంటి పెద్దకుమారుడు ఆమెను ప్రేమించి వివాహమాడగోరాడు. కొలువు చేసే పిల్లను కోడలిగా తెచ్చుకొనడానికి తల్లిదండ్రులు అంగీకరించలేదు. అంత అవమానం జరిగిన ఇంటిలో ఎవరైనను మరునాడు నిలుస్తారా? మాన్యా నిలిచింది. తాను మానుకొంటే పారిస్‌లో అక్క చదువు ఆగిపోతుంది. 1889 వరకు, తీసుకొన్న జీతానికి లోటు రాకుండా అక్కడే పాఠాలు చెప్పింది.

1891 నవంబరులో, 24 ఏండ్ల వయస్సులో, ఆమె పారిస్ చేరి సోర్బాన్ విశ్వవిద్యాలయంలో ప్రవేశించింది. మొదట అక్కాబావల ఇంటిలో ఉండి, కొద్ది నెలలకు కళాశాలకు చేరువగా ఒక మేడపై అటక గదికి మారింది. రోజుకు 3 ఫ్రాంకులతో అద్దె, తిండి, పుస్తకాలు, బొగ్గులు అన్నీ గడవవలెను. చలికాలపు సాయంకాలాలు సెయింట్ జెనవీవ్ గ్రంథాలయంలో గడిపేది. అక్కడ దీపమూ, వెచ్చదనమూ ఉచితం. ఒకనాడు ఆమె స్పృహ తప్పి పడిపోయింది. వైద్యుడైన బావగారు వచ్చి విచారిస్తే, ముందటి రోజు నుండి ఆమె తిన్నది కొన్ని ముల్లంగి దుంపలు, కొన్ని చెర్రీపండ్లు మాత్రమేనని తేలింది. ఆయన వెంటనే తన ఇంటికి తీసుకొనిపోయి, వారం రోజులు తిండి పెట్టించి పంపాడు.

ఈ ఘట్టాన్ని మనం ఆదర్శంగా చెప్పుకోవడం పొరపాటని నా అభిప్రాయం. తిండి మాని చదివినందువలన ఆమె గొప్పది కాలేదు. ఆ తప్పును సకాలంలో ఒకరు దిద్దినందువలన చదువు సాగింది. మన విద్యార్థులలో ఎందరికో అట్టి బావగారు దగ్గర ఉండరు. ఆ స్థానం ఉపాధ్యాయులదే.

1893 జూలైలో ఆమె భౌతికశాస్త్ర పట్టపరీక్షలో ప్రథమురాలుగా ఉత్తీర్ణురాలైంది. మరుసటి సంవత్సరానికి గణితశాస్త్రంలో రెండవ పట్టానికి చదవవలెనని సంకల్పం. చేతిలో డబ్బు లేదు. అయినను ఆ వేసవి ఆమె పారిస్‌లో ఉండిపోలేదు. స్వదేశానికి పోయి తండ్రి ఇంట, బంధువుల ఇండ్లలో సెలవులు గడిపింది. తిరిగి పోగలనో లేదోనన్న బెంగ ఆ సెలవులలోనే తీరింది. ఒక స్నేహితురాలి ప్రయత్నం ఫలించి 600 రూబుళ్ల విద్యార్థి వేతనం లభించింది. 1894లో గణితంలో ద్వితీయస్థానం పొందింది.

ఆ 1894వ సంవత్సరంలోనే ఆమెకు సంపాదన కూడా దొరికింది. జాతీయ పరిశ్రమల ప్రోత్సాహక సంఘం వారు పలువిధాలైన ఉక్కుల అయస్కాంత గుణాలను పరీక్షించే పని ఆమెకు అప్పగించారు. పనికి తగిన చోటు లేక వెదకుతూ ఉండగా, ఒక మిత్రుడు ఆమెను పియేర్ క్యూరీకి పరిచయం చేశాడు. 1895 జూలై 26వ తేదీన వారి వివాహం జరిగింది. పెండ్లి కానుకగా వచ్చిన డబ్బుతో దంపతులు రెండు సైకిళ్లు కొని పల్లెసీమలలో తిరిగారు. ఉక్కు పరిశోధన వలన వచ్చిన తొలి సొమ్ములో నుండి మేరీ తన విద్యార్థి వేతనపు 600 రూబుళ్లు వేరుచేసి తిరిగి పంపింది. అది ఉచితంగా ఇచ్చిన ధనం. తిరిగి ఇమ్మని ఎవరూ అడుగలేదు. తీసుకొన్న ఆ మొత్తం తనవంటి మరొక పేద విద్యార్థినికి అందవలెనని ఆమె భావం.

1896 వేసవిలో బాలికల ఉన్నత పాఠశాలలలో బోధించడానికి కావలసిన పోటీపరీక్షకు కూర్చుని, అందులోను ప్రథమస్థానం పొందింది. ఫలితం తెలియగానే దంపతులు సైకిళ్లెక్కి ఓవేర్న్ కొండసీమకు బయలుదేరారు. 1898 జూలైలో పొలోనియం అనే కొత్త మూలపదార్థాన్ని ప్రకటించారు. రెండవదాని జాడ కూడా కనిపిస్తూనే ఉన్నది. అట్టి సమయంలో సైతం ఆ వేసవి వారు పసిబిడ్డతో పల్లెకు పోయి, కొండలెక్కి, నదులలో ఈదారు. శరత్కాలంలో తిరిగివచ్చి పని అందుకొన్నారు. ఆ డిసెంబరులోనే రేడియం ప్రకటితమైంది.

తక్కిన కథ జగద్విదితం. 1903లో భర్తతోను, బెకరెల్‌తోను కలిసి భౌతికశాస్త్రంలోను, 1911లో ఒంటరిగా రసాయనశాస్త్రంలోను ఆమెకు నోబెల్ బహుమతులు వచ్చాయి. 1906లో భర్త బండి క్రిందపడి మరణించాడు. ఏండ్ల తరబడి కిరణప్రసారానికి గురియైన ఆమె శరీరం రక్తక్షీణతతో కృశించి, 1934 జూలై 4వ తేదీన అస్తమించింది.

పని, చదువు, విశ్రాంతి అన్న మూడింటిలో ఆమె దేనినీ తక్కువచేయలేదు. పనికి ఒప్పుకొన్న గంటలు పూర్తిగా యజమానికి ఇచ్చింది. చదువుకు తనవైన రాత్రులు ఇచ్చింది. పరీక్ష ముగిసిన పిమ్మట వచ్చిన సెలవును దొంగసొమ్మువలె బెదురుతూ కాక, ఆర్జించుకొన్న ధనంవలె నిర్భయంగా అనుభవించింది. చదువుతూ ఆటను తలచి, ఆడుతూ చదువును తలచి రెండింటినీ చెడగొట్టుకొనే మన విద్యార్థులు నేర్వదగినది ఇదే.

అయితే ఈ కథలో నాకు మిక్కిలి పూజ్యుడు ఆమె తండ్రి. చేతిలో డబ్బు లేని ఒక సామాన్యోపాధ్యాయుడు, బంగారు పతకం తెచ్చిన కూతురి అలసిన ముఖం చూచి, ఒక ఏడాది ఆడుకొమ్మని పంపగలిగాడు. ఈ వేసవిలో మన ఇండ్లలో తగవు వచ్చినప్పుడు, తీర్పు చెప్పబోయే ముందు మనమూ ఒకసారి పిల్లల ముఖాలు చూడవలెను.