సవతి తండ్రి నీడలో కన్నతండ్రి పేరు
(ఉమ్మె సలమా (రజి) జీవితం)

ధవళేశ్వరం ఆనకట్ట నుంచి కాలువలకు మళ్ళిన నీళ్ళు ఏ ఊరి చేలను తడిపినా అవి గోదావరి నీళ్ళే. బిడ్డల సంగతీ అంతే. భర్త పోయిన స్త్రీ పిల్లలతో మళ్ళీ నికాహ్ చేసుకుంటే, బడిలో తండ్రి పేరు దగ్గర ఎవరిని రాయించాలి? ఈ సందేహానికి విశ్వాసుల మాత హజ్రత్ ఉమ్మె సలమా (రజి) జీవితంలో సమాధానం దొరుకుతుంది.

ఆమె అసలు పేరు హింద్. మక్కాలోని మఖ్జూమ్ వంశీయురాలు. భర్త అబూ సలమా (రజి)తో పాటు తొలినాళ్ళలోనే ఇస్లాం స్వీకరించి అబిసీనియాకు వలస వెళ్ళివచ్చారు. తర్వాత మదీనాకు బయలుదేరగా పుట్టింటివారు ఆమెను ఆపేశారు. దాంతో భర్త తరఫువారు పంతం పట్టి, బిడ్డ తమ వంశంవాడంటూ పసివాడు సలమాను లాక్కున్నారు. ఆ పెనుగులాటలో పిల్లవాడి చేయి కీలు తప్పింది. భర్త మదీనాలో, బిడ్డ అత్తవారి దగ్గర, తాను పుట్టింట. దాదాపు ఏడాదిపాటు ఆమె రోజూ ఊరి వెలుపల కూర్చుని ఏడ్చేవారు. చివరికి బంధువొకరు జాలిపడి నచ్చజెప్పగా ఆమెను వదిలారు, బిడ్డనూ తిరిగి ఇచ్చారు.

ఉహుద్ యుద్ధంలో తగిలిన గాయం తిరగబెట్టి హిజ్రీ 4లో అబూ సలమా (రజి) మరణించారు. ఇద్దత్ ముగిశాక మహాప్రవక్త (స) నికాహ్ కబురు పంపితే ఆమె వెంటనే ఒప్పుకోలేదు. తనకు వయసు మళ్ళిందని, ఈర్ష్యా స్వభావం ఉందని, పిల్లలున్నారని చెప్పుకున్నారు. పిల్లల బాధ్యత అల్లాహ్‌ది, ఆయన ప్రవక్తదీ అని జవాబు వచ్చింది.

ఆ మాట నిలబడింది. పళ్ళెమంతా చేయి తిప్పుతూ తినే ఉమర్‌కు బిస్మిల్లా చెప్పి, కుడిచేత్తో, తన ముందున్నదే తినమని నేర్పింది మహాప్రవక్తే (స). బర్రా అనే చిన్నపాప పేరును జైనబ్‌గా మార్చిందీ ఆయనే. పాప పేరు మారింది కాని తండ్రి పేరు మారలేదు. వారు ఉమర్ బిన్ అబీ సలమా, జైనబ్ బిన్తె అబీ సలమాగానే చరిత్రలో నిలిచారు. జైనబ్ మదీనాలో ధర్మశాస్త్ర పండితురాలిగా పేరొందారు.

పెంపుడు బిడ్డలను వారి తండ్రుల పేర్లతోనే పిలవాలన్నది ఖుర్ఆన్ ఆదేశం (33:5). సవతి బిడ్డకు వారసత్వ వాటా రాదు. అయితే బతికుండగా హిబా ఇవ్వవచ్చు, ఆస్తిలో మూడోవంతు వరకు వసియ్యత్ రాయవచ్చు.

మన దేశ చట్టంలో హిందువుల దత్తత దారి వేరు. ఒక తెలుగు కుటుంబం కేసులో 2022లో సుప్రీంకోర్టు, పునర్వివాహం చేసుకున్న తల్లే బిడ్డ ఇంటిపేరు నిర్ణయించవచ్చునని చెప్పింది. రికార్డుల్లో ఆమె భర్తను సవతి తండ్రిగా చూపాలన్న హైకోర్టు ఆదేశాన్ని, అది బిడ్డ మనసును గాయపరుస్తుందంటూ తప్పుబట్టింది. పేరు విషయంలో దారులు వేరైనా, బిడ్డ మనసు నొప్పించరాదన్న చోట భేదం లేదు.

ఉమ్మె సలమా (రజి) మహాప్రవక్త (స) సతీమణులందరిలోకీ చివరగా కన్నుమూశారు. పిల్లలున్నారన్న కారణంతో వితంతువు పెళ్ళికి వెనుకాడేవారు, బిడ్డను వంశం సొత్తుగా లాక్కునేవారు, చనిపోయిన తండ్రి ఊసే ఆ ఇంట ఎత్తనివ్వనివారు ఆ తల్లి కథను ఒక్కసారి గుర్తుచేసుకోవాలి.