లెక్కలకు యంత్రం తెచ్చిన మహలనోబిస్

కలకత్తాలో 1931 డిసెంబరులో ఏర్పడిన ఒక సంస్థకు మొదటి ఏడాది అయిన మొత్తం ఖర్చు 238 రూపాయలు. సిబ్బందిలో ఒక కంప్యూటర్ కూడా ఉండేవాడు. ఆ కంప్యూటర్ యంత్రం కాదు, మనిషి. చేతితో లెక్కలు కట్టే ఉద్యోగిని ఆ రోజుల్లో అలాగే పిలిచేవారు. సుమారు పాతికేళ్ల తరువాత, దేశంలో మొట్టమొదటి ఎలక్ట్రానిక్ డిజిటల్ కంప్యూటర్ ఆ సంస్థలోనే పని ప్రారంభించింది. అదే భారతీయ గణాంక సంస్థ. దాని వ్యవస్థాపకుడు ప్రొఫెసర్ ప్రశాంత చంద్ర మహలనోబిస్.

1893 జూన్ 29న కలకత్తాలో జన్మించిన మహలనోబిస్ కేంబ్రిడ్జిలో చదివింది భౌతికశాస్త్రం. 1915లో స్వదేశానికి తిరిగివస్తూ ఓడలో బయోమెట్రికా పత్రిక సంపుటాలను తిరగవేయడంతో ఆయన దృష్టి గణాంకాల మీదకు మళ్లింది. ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్రం బోధిస్తూనే గణాంక ప్రయోగశాల నెలకొల్పారు. బెంగాల్‌లో జనపనార సాగు విస్తీర్ణాన్ని అంచనా వేయడానికి 1937 నుంచి నమూనా సర్వేలు చేపట్టారు. ప్రతి పొలమూ కొలవనక్కరలేదు, పద్ధతి ప్రకారం ఎంచుకున్న కొన్నింటిని కొలిస్తే చాలునన్నది ఆయన వాదన. కొలత పని తగ్గింది గాని లెక్కల పని పెరిగింది.

1950లో జాతీయ నమూనా సర్వే ప్రారంభమయ్యాక ఊరూరి నుంచి వచ్చిపడే పత్రాలను చేతి యంత్రాలతో, చిల్లుల కార్డుల యంత్రాలతో తేల్చడం తలకు మించిన భారమైంది. ఈ సంస్థలోనే 1953లో సమరేంద్ర కుమార్ మిత్ర, తన సహచరునితో కలిసి, పది చరరాశుల సమీకరణాలను సాధించే చిన్న అనలాగ్ కంప్యూటర్‌ను తయారు చేశారు. అయితే మహలనోబిస్ చేతిలో ఉన్నది రెండవ పంచవర్ష ప్రణాళిక ముసాయిదా. ఉక్కు ఉత్పత్తి పెంచితే బొగ్గు ఎంత కావాలి, రైళ్లు ఎన్ని కావాలి అనే లెక్కలకు అది చాలదు.

ఇంగ్లండు నుంచి హెచ్‌ఈసీ-2ఎం యంత్రాన్ని 1955లో తెప్పించారు. సంస్థ ఇంజనీర్లు ముందుగానే అక్కడికి వెళ్లి శిక్షణ పొందారు. దాని జ్ఞాపకశక్తి అంతా ఒక అయస్కాంత డ్రమ్ముపై 1024 పదాలు. నేడు చేతి గడియారం కూడా అంతకు ఎన్నో రెట్లు దాచుకోగలదు. ఐక్యరాజ్యసమితి సాంకేతిక సహాయం కింద 1958-59లో సోవియట్ యంత్రం ఉరల్ కూడా వచ్చి చేరింది. ప్రచ్ఛన్నయుద్ధం ముమ్మరంగా ఉన్న కాలంలో రెండు శిబిరాల యంత్రాలు ఒకే ఆవరణలో పని చేయడం విశేషమే.

ప్రణాళిక మాత్రం లెక్కల ప్రకారం నడవలేదు. భారీ పరిశ్రమలకు పెద్దపీట వేసి వ్యవసాయాన్ని చిన్నచూపు చూశారన్న విమర్శ వచ్చింది. 1957లోనే విదేశీ మారకద్రవ్యం సంక్షోభంలో పడింది. యంత్రం తప్పు చేసిందనడానికి లేదు. అందులో వేసిన అంచనాలు మనుషులవి.

జాతీయ స్థాయి కంప్యూటర్ కేంద్రం తన సంస్థలోనే ఉండాలని మహలనోబిస్ ఆశించారు. అది నెరవేరలేదు. హోమీ భాభా నాయకత్వంలోని టాటా ఇన్‌స్టిట్యూట్ బొంబాయిలో సొంతంగా టిఫ్రాక్ కంప్యూటర్‌ను నిర్మించుకుంది. 1964లో అమెరికా నుంచి వచ్చిన భారీ సీడీసీ-3600 కూడా అక్కడికే చేరింది. అయినా కలకత్తా వారు చేతులు ముడుచుకోలేదు. జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయంతో కలిసి రూపొందించిన ట్రాన్సిస్టర్ల కంప్యూటర్ 1966లో పనిలోకి వచ్చింది.

మహలనోబిస్ తీర్చిదిద్దిన శిష్యులలో తెలుగువాడైన సి.ఆర్.రావు అగ్రగణ్యుడు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి 1941లో సంస్థలో చేరిన ఆయనే గురువు అనంతరం దాని డైరెక్టర్ అయ్యారు.

79 ఏళ్లు నిండటానికి ఒక్కరోజు ముందు, 1972 జూన్ 28న, మహలనోబిస్ కలకత్తాలో కన్నుమూశారు. ఆయన జన్మదినమైన జూన్ 29ని 2007 నుంచి జాతీయ గణాంక దినోత్సవంగా ప్రభుత్వం పాటిస్తున్నది.