యోసెమిటీ పాదచారి

అమెరికా సంయుక్త రాష్ట్రముల పడమటి భాగమున, కాలిఫోర్నియాలో, సియెరా నెవాడా అను పర్వతపంక్తి కలదు. ఆ పర్వతముల నడుమ యోసెమిటీ లోయ యున్నది. ఇరువైపుల నిలువుగా లేచిన రాతిగోడలు, 2,425 అడుగుల ఎత్తునుండి మూడంచెలుగా దుముకు జలపాతము అచటి ప్రసిద్ధ దృశ్యములు. ఏటేట లక్షలాది జనులు ఆ కొండదారుల నడచుటకును, ఆ శోభను కన్నులార చూచుటకును పోవుచుందురు. అట్టి భాగ్యము వారికి దక్కుటకై మిక్కిలి శ్రమించినవాడు జాన్ మ్యూర్. కాలినడకయే ఆతని విద్య. ఆతని ప్రజాసేవ ఆ విద్యకు ఫలము.

మ్యూర్ 1838 ఏప్రిల్ 21న స్కాట్లండులోని డన్‌బార్ పట్టణమున జన్మించెను. పదునొకండవ యేట తండ్రితో అమెరికాకు వలసపోయి, విస్కాన్సిన్ ప్రాంతపు అడవులను నరికి పొలము చేయు పనిలో పడెను. తండ్రి కఠినుడు. రాత్రివేళ చదువునకు ఆయన సమ్మతింపలేదు. వేకువను ఎంత పెందలకడ లేచినను అడ్డుచెప్పననెను. బాలుడు రాత్రి ఒంటిగంటకే లేవసాగెను. చలిచే చదువు సాగనప్పుడు నేలమాళిగలో కూర్చుండి కొయ్యతో గడియారములు, యంత్రములు చేసెను. నియమిత వేళకు నిద్రించువానిని లేపి నిలువబెట్టు మంచము వానిలో ఒకటి. పిదప విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున చేరి వృక్షశాస్త్రమును, భూగర్భశాస్త్రమును అభ్యసించెను గాని, పట్టము పుచ్చుకొనకయే 1863లో వెడలిపోయెను.

యంత్రములయందలి నేర్పు ఆతనిని ధనవంతుని చేయగలిగియుండెడిది. కాని 1867లో ఇండియానాపొలిస్ నగరమున, బండ్ల భాగములు తయారుచేయు కర్మాగారములో పనిచేయుచుండగా, చేతిలోని ఆకురాయి జారి దాని మొన కుడికంట గుచ్చుకొనెను. కొలదిసేపటికి ఎడమకంటి చూపును పోయెను. కొన్ని వారములు చీకటిగదిలో గడపిన పిమ్మట చూపు క్రమముగా మరలివచ్చెను. ఆ చూపును ఇక ప్రకృతికే అర్పింపనెంచి, ఆ సంవత్సరముననే ఫ్లారిడా సముద్రతీరమువరకు సుమారు 1,000 మైళ్లు కాలినడకన పోయెను. అచట చలిజ్వరమున పడి లేచి, 1868లో కాలిఫోర్నియా చేరెను.

1869 వేసవిలో ఒక గొఱ్ఱెలమందతో సియెరాలోని ఎగువ పచ్చికబయళ్లకు పోయెను. కాపరిని, మందను కనిపెట్టియుండుట ఆతని పని. మంద నడచినచోట నెల్ల గడ్డి, పూలమొక్కలు నాశమగుట చూచెను. తనకు కూలి నిచ్చు వృత్తియే తాను వలచిన కొండలకు చేటు తెచ్చుచున్నదని గ్రహించుట ఆతని జీవితమున ముఖ్యఘట్టము.

పిదప యోసెమిటీ లోయలో కలపకోత మిల్లున పనిచేయుచు, విరామకాల మంతయు శిఖరములపై గడపెను. రొట్టెముక్కలు, గుప్పెడు తేయాకు ఆతని ప్రయాణసామగ్రి. లోయ అడుగుభాగము కుంగిపోవుటచే ఆ రూపమేర్పడెనని రాష్ట్ర భూగర్భశాస్త్రవేత్త జొసైయా విట్నీ బోధించుచుండెను. రాళ్లపై నునుపును, ఒరపిడి గీతలను పరిశీలించిన మ్యూర్, పూర్వకాలపు హిమానీనదములే లోయను తొలిచినవని వాదించెను. విట్నీ ఆతనిని గొఱ్ఱెలకాపరియని తీసివేసెను. మ్యూర్ 1871లో ఆ పర్వతములయందే ఇంకను నిలిచియున్న హిమానీనదమును కనుగొనెను. 1872లో మరియొక దానిపై మేకులు పాతి, 46 దినముల పిమ్మట కొలిచిచూడగా, నడిమి మేకు 47 అంగుళములు జరిగియుండెను. నదియు, మంచును కలిసి ఆ లోయను తీర్చినవని నేటి శాస్త్రజ్ఞుల నిశ్చయము. మ్యూర్ మంచు పాత్రను అధికముగా లెక్కించెను గాని, విట్నీ వాదము నిలువలేదు.

1880లో వివాహమాడి కొన్నేండ్లు పండ్లతోటల సేద్యమున మునిగినను, మ్యూర్ కొండలను మరువలేదు. 1889లో సెంచురీ పత్రికా సంపాదకవర్గములోని రాబర్టు అండర్‌వుడ్ జాన్సన్ ఆతనితో ఎగువ బయళ్లలో బసచేసి, మేతచే పాడైన నేలను చూచెను. ఆయన ప్రోద్బలమున మ్యూర్ ఆ పత్రికకు రెండు వ్యాసములు వ్రాసెను. 1890 అక్టోబరు 1న యోసెమిటీ జాతీయోద్యానవన శాసనము వెలువడెను. 1892లో స్థాపితమైన సియెరా క్లబ్బునకు మరణపర్యంతము ఆతడే అధ్యక్షుడు. లోయ మాత్రము 1864నుండియు రాష్ట్రాధీనమున నుండెను. 1903లో దేశాధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్టు మూడు రాత్రులు మ్యూర్‌తో ఆరుబయట గడపెను. అందొక రాత్రి వారిపై మంచు కురిసెను. 1906లో ఆ లోయయు జాతీయోద్యానవనమున చేరెను.

ఆతని చరిత్రలోని లోపమును దాచరాదు. ఆ లోయ జనశూన్యమైనది కాదు. అచట తరతరములుగా నివసించిన ఆవానీచీ జనులను 1851లో సాయుధదళమొకటి వెడలగొట్టెను. మ్యూర్ తొలి రచనలలో ఆదివాసులను గూర్చిన చులకనమాటలు కలవు. అలాస్కాలో వారితో కలిసి తిరిగిన పిమ్మట ఆతని దృష్టి కొంత మారెను. 2020లో సియెరా క్లబ్బే ఈ లోపమును బహిరంగముగా ఒప్పుకొనెను.

ఆతని తుదిపోరు హెచ్‌హెచీ లోయకై సాగెను. ఉద్యానవనములోనిదే యగు ఆ లోయకు ఆనకట్ట కట్టి నీరు తెచ్చుకొనవలెనని శాన్‌ఫ్రాన్సిస్కో నగరము కోరెను. నగరపు దాహము నిజమైనదే. క్లబ్బు సభ్యులలో సైతము కొందరు ఆనకట్టను సమర్థించిరి. నీటికి వేరు తావులు కలవనియు, ఒకసారి రక్షితమని ప్రకటించిన చోటును ముంచినచో ఇక దేనికిని రక్షణ యుండదనియు మ్యూర్ వాదించెను. 1913 డిసెంబరులో ఆనకట్టకు అనుమతి లభించెను. మరుసటి యేడు డిసెంబరు 24న ఆతడు లాస్ ఏంజిలిస్‌లో మరణించెను. జాతీయోద్యానవనముల రక్షణకు ప్రత్యేక శాఖ 1916లో ఏర్పడెను. ఆనకట్ట 1923లో పూర్తియయ్యెను.

మ్యూర్ పేర 211 మైళ్ల కాలిబాట యొకటి యోసెమిటీ లోయలో మొదలై సియెరా పర్వతముల వెంట దక్షిణముగా సాగును. అది ముగియు శిఖరమునకు విట్నీ యని పేరు. తన్ను గొఱ్ఱెలకాపరియని తీసివేసిన పండితుని పేరుగల ఆ శిఖరమునకు నేడు పాదచారులు మ్యూర్ బాటనే నడచి చేరుచున్నారు.