ముందు తిరిగి ఇవ్వండి అన్న బిషప్: లాస్ కాసాస్

ఆదివాసుల పక్షాన నిలబడిన బయటివాళ్లలో నాకు మొదట గుర్తొచ్చేది ఒకప్పుడు ఆదివాసులను వెట్టికి పెట్టుకున్న మనిషే. ఆయన పేరు బర్తోలోమే దె లాస్ కాసాస్.

1484లో స్పెయిన్‌లోని సెవిల్‌లో పుట్టాడు. తండ్రి కొలంబస్ రెండో ప్రయాణంలో వెళ్లినవాడు. 1502లో కొడుకూ హిస్పానియోలా దీవికి చేరాడు. అక్కడ ఆయనకు భూమితో పాటు పనికి టైనో ఆదివాసులు కూడా దక్కారు. ఆ పద్ధతి పేరు ఎన్‌కొమియెండా. ఆదివాసులకు క్రైస్తవం నేర్పడానికని కాగితం మీద రాసుకునేవారు. జరిగేది మాత్రం గనుల్లో, పొలాల్లో చాకిరీ. వెట్టి అంటే ఏమిటో మీ తాతల్ని అడగండి, ఇది ఇట్టే అర్థమవుతుంది.

ఆయన ఫాదర్ అయ్యాక కూడా ఆ చాకిరీ ఆగలేదు. 1511లో శాంటో డొమింగోలో మోంతెసినోస్ అనే డొమినికన్ సన్యాసి గుడిలోనే యజమానుల పాపాన్ని ఎండగట్టాడు. ఆదివాసుల్ని వదలనంతవరకు పాపక్షమాపణ ఇవ్వనని మరో డొమినికన్ సన్యాసి లాస్ కాసాస్‌కే చెప్పేశాడు. అయినా ఈయన వదల్లేదు. క్యూబా మీద దాడికి సైన్యంతో ఫాదర్‌గా వెళ్లాడు. కవోనావ్ ఊళ్లో జనాన్ని నరికేస్తుంటే కళ్లారా చూశాడు. ఆ తర్వాత కూడా అక్కడ భూమీ మనుషులనూ తీసుకున్నాడు. ఒక్క రోజులో మారిపోయాడని రాసే జీవితచరిత్రలను నేను అంతగా నమ్మను.

1514లో పెంతెకోస్తు ప్రసంగానికి సిద్ధమవుతూ సీరా గ్రంథం 34వ అధ్యాయం చదివాడు. అన్యాయపు సొమ్ముతో ఇచ్చే అర్పణ దేవుడికి చెల్లదనీ, కూలివాడి కూలి తినేవాడు హంతకుడితో సమానమనీ అందులో ఉంది. ఆ మాటలు ఆయన్ని పట్టుకున్నాయి. ఆ ఏడాది ఆగస్టు 15న అందరి ముందూ ఆ సంగతే ప్రసంగించి, తన కింద ఉన్న ఆదివాసుల్ని వదులుకున్నాడు. మరుసటి ఏడాది రాజుకు చెప్పుకోవడానికి స్పెయిన్‌కు ఓడ ఎక్కాడు. ఆ తర్వాత 50 ఏళ్లు ఆయనకు అదే పని. 1542 నాటి కొత్త చట్టాల వెనుక ఆయన శ్రమ ఉంది.

చియాపాస్‌ బిషప్ అయ్యాక, బానిసల్ని విడిచిపెట్టని యజమానులకు పాపక్షమాపణ ఇవ్వవద్దని ఫాదర్లను ఆదేశించాడు. చావు మంచం మీద ఉన్నవాడైనా సరే, నోటరీని పిలిపించి బానిసల్ని విడుదల చేస్తున్నట్టు, దోచినది ఆస్తిలోంచి తిరిగి ఇస్తున్నట్టు రాయించాలి. దయలేని బిషప్ అని వలసవాళ్లు మండిపడ్డారు. ఆయన లెక్క వేరు. తలుపు ఎవరికీ మూయలేదు, ఎంత క్రూరుడైనా రావచ్చు. కానీ ఎత్తుకొచ్చిన మూట గుమ్మం దగ్గర దించి రావాలి. ఆ మూటతోనే లోపలికి రానిస్తే ఆ పాపికీ మేలు జరగదు, దోపిడీకి గురైనవాడికీ జరగదు.

ఆయన మీద కూడా ఒక మచ్చ ఉంది, దాన్ని దాచకూడదు. ఆదివాసుల భారం తగ్గించడానికి ఆఫ్రికా నుంచి బానిసల్ని తెప్పించమని మొదట్లో ఆయనే సలహా ఇచ్చాడు. వాళ్లను పట్టుకొచ్చిన తీరూ అంతే అన్యాయమని తర్వాత తెలిసింది. తెలియక చేశాననే మాట దేవుడి ముందు తనను కాపాడుతుందో లేదో అనే భయాన్ని తన చరిత్ర గ్రంథంలో రాసుకున్నాడు. 1566లో మాడ్రిడ్‌లో చనిపోయాడు. ఆ గ్రంథం 1875 వరకు అచ్చు కాలేదు.